పెంటయ్య చేతి రాడ్డు

లారీ కదిలించే ముందు పెంటయ్య ఆరు టైర్లనూ ఇనుప రాడ్డుతో గట్టిగా బాది చూస్తాడు. చప్పుడును బట్టే లోపల గాలి ఎంతుందో చెప్పేస్తాడు. నారాయణగూడ చౌరస్తాలో ఆ దెబ్బలు వినబడితే చాయ్ తాగేవాళ్ళు తలెత్తకుండానే "పెంటన్న బెజవాడ పోతున్నడు" అనుకుంటారు. మెడ ఎద్దు మూపులా బలిసి ఉంటుంది. కిటికీలో పెట్టే కుడి మోచెయ్యి ఎండకు కమిలి నల్లబడింది. అతనికి నెలజీతం లేదు, కిరాయిలో నూటికి పన్నెండు. ఆ కిరాయి ఎంతో ఏడేళ్ళుగా ఎరగడు. అది రాసిన సరుకు రసీదులు, బిల్టీలన్నీ చిక్కడపల్లి ఆఫీసులో, ఓనరు వీరరాఘవరావు తాళం వేసుకున్న సొరుగులో ఉంటాయి.

మొన్న సోమవారం, అదే సరుకుకు, అదే దూరానికి, చేతికి ఇరవై రూపాయలు తక్కువొచ్చాయి. పెంటయ్య రాడ్డుతోనే ఆఫీసులోకి వెళ్ళాడు.

"బిల్టీ చూపియ్యి సేటూ. దేంట్ల పన్నెండో జర నాకూ తెల్వాలె."

"కాగితాలతో నీకేం పనయ్యా? ఇచ్చింది పుచ్చుకో."

రాడ్డు లేచింది. ఒక దెబ్బకు బల్ల మీది అద్దం పగిలింది, రెండోదానికి గోడగడియారం ఊడిపడింది. వీరరాఘవరావు జేబులోని నోట్లన్నీ బల్ల మీద గుమ్మరించాడు. చేతి వాచీ కూడా విప్పి పెట్టాడు. ఎడమ చెయ్యి మాత్రం సొరుగు మీంచి తియ్యలేదు. మూడో దెబ్బ ఆ చేతి మీదే పడింది. వేళ్ళు చితికి నెత్తురు తాళంకప్ప మీదికి కారింది. కెవ్వున అరిచాడు గానీ చెయ్యి కదల్చలేదు.

పెంటయ్య రాడ్డు దించాడు. నోట్లు ముట్టుకోలేదు. సొరుగు లోపల ఎంతుందో ఆ దెబ్బతోనే తెలిసిపోయింది.