పొడిగోడ మీది విమానాలు

గోదావరి దాటాలంటే మా ఆయనకు గుండె దడ. కోటిపల్లి రేవులో పంటు కదలగానే నడిమధ్యకు పోయి, ఎవరిదో ఒకరి స్కూటరు పట్టుకుని కళ్ళు మూసుకునేవారు. కొబ్బరికాయల దింపు రోజున చెట్టు వంక తలెత్తి చూస్తేనే కళ్ళు తిరుగుతున్నాయనేవారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందని సామెత. అలాంటి మనిషి మా ఇంటి గోడ నిండా యుద్ధ విమానాల బొమ్మలు పెట్టారు.

ఆయన జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవారు. తొంభైల మొదట్లో, ఆయన దగ్గర చదువుకున్న కుర్రాడొకడు దుబాయి నుంచి సెలవుకి వస్తూ అట్ట గొట్టంలో చుట్టి ఒక బొమ్మ తెచ్చి ఇచ్చాడు. మబ్బుల్లో రెండు విమానాలు, ఒకదాని తోక నుంచి పొగ. అడుగున తెల్లటి అంచు మీద పెన్సిల్‌తో ఒక సంతకం. నిజంగా ఆ విమానం నడిపినాయన చేవ్రాలేనట. ఇలాంటివి కొన్నే అచ్చు వేసి, ఒక్కోదానికీ ఒక నంబరు రాసి అమ్ముతారట. ఆ రోజు పట్టుకుంది పిచ్చి. ఆ తర్వాత గల్ఫ్ వెళ్ళే ప్రతివాడి దగ్గరా బొమ్మ తెమ్మని మాట తీసుకునేవారు. ఖాళీ గొట్టాలు నాకు మిగిలేవి. వాటిలో చీపురు పుల్లలు దాచుకునేదాన్ని. ఆ సరదావల్ల నాకు ఒరిగింది అదొక్కటే.

మొదటి బొమ్మను అమలాపురంలో దేవుడి పటాలు కట్టే షాపులో ఇచ్చారు. ఆ షాపాయన తన దగ్గరున్న ఫ్రేముకి సరిపోయేట్టు తెల్ల అంచంతా కత్తిరించేసి, బొమ్మను మైదా జిగురుతో చెక్కకి అతికించి, దండ వేసుకోవడానికి పైన మేకు కూడా కొట్టి ఇచ్చాడు. సంతకమూ నంబరూ చెత్తలోకి పోయాయి. "అడుగున ఏవో పిచ్చిగీతలుంటే తీసేసేనండి, నీటుగా ఉంటుందని" అన్నాడట. మా ఆయన రెండు పూటలు అన్నం ముట్టలేదు. మా మామగారు పోయిన మర్నాడు టిఫిను మానని మనిషి.

ఈయనకి తోడు బ్యాంకు ఆఫీసరొకాయన దొరికారు. ఆయన దగ్గరా ఇలాంటి బొమ్మలున్నాయి. ఆదివారం పొద్దున్నే వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని గోడ ముందు నిలబడేవారు. ఎప్పుడో ఎక్కడో జరిగిన యుద్ధాలను, నిన్న సాయంత్రం తామే చేసి వచ్చినట్టు ఇద్దరూ మాట్లాడుకునేవారు. నేను కాఫీలు మోసేదాన్ని.

"ఇక్కడ తొందరపడ్డాడండి వీడు" అనేవారు ఆఫీసరుగారు.

"ఆయ్, నేనైతే ఎడమకి తిప్పేవాణ్ణండి" అనేవారు ఈయన. సైకిలు తిప్పడం చేతగాక కాలవలో పడ్డ మనిషి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. గోడ దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వు పోయింది.

మాది కాలవ ఒడ్డున పెంకుటిల్లు. వానాకాలం వస్తే గోడలన్నీ చెమ్మ, సున్నం పొక్కులు కట్టి రాలేది. వంటింటి పొయ్యి వెనక గోడ ఒక్కటే పొడిగా, వెచ్చగా ఉండేది. ఆ గోడకు అవతలి వైపు, నడిమి గదిలో, ఆనించి మా అత్తగారి పందిరి మంచం వేసి ఉండేది. ఆవిడకు ఉబ్బసం. చల్లగాలి తగిలితే పడుకోలేరు, దిళ్ళు ఎత్తుగా పెట్టుకుని కూర్చునే కునుకు తీస్తారు. డాక్టరు ఇచ్చే మందు ఎంతో, ఆ గోడా అంతే.

రెండో వానాకాలానికి బొమ్మలకు బూజు చుక్కలు పట్టాయి. మా ఆయన ఇల్లంతా అరచేత్తో తడుముకుంటూ తిరిగి, పుట్టిన దగ్గర్నుంచీ ఉంటున్న ఇంట్లో ఆ గోడను కొత్తగా కనిపెట్టారు. నలుగురు మనుషుల్ని పిలిచి మంచాన్ని పడమటి గదిలోకి లాగించారు.

"అక్కడ గాలి బాగా ఆడుతుందమ్మా" అన్నారు తల్లితో.

"అలాగేలే నాన్నా" అన్నారావిడ.

నేను ఊరుకోలేదు. "ఏమండీ, కాగితానికి చెమ్మ తగిలితే బూజు పడుతుందని తెలిసింది కదా. మనిషికి తగిలితే ఏమవుతుందో ఆలోచించేరా?" అన్నాను.

"నీకు వీటి విలువ తెలీదు" అన్నారు.

నిజమే, తెలీదు. ఆవిడ దగ్గు మాత్రం తెలుసు. ఆ మనిషంటే నాకు అసహ్యం మొదలైంది అప్పుడే. అరిచి చెప్పేటంత కాదు, కాఫీలో పంచదార తగ్గించేటంత.

మరుసటి ఏడు కార్తీకంలో తుఫాను వచ్చింది. పొద్దున్నించీ రేడియో చెబుతూనే ఉంది. ఎదురింటివాళ్ళది డాబా కావడంతో మమ్మల్ని వచ్చేయమన్నారు. మా ఆయన సంతకాలున్న పెద్ద బొమ్మలు నాలుగు గోడ మీంచి దింపి, దుప్పట్లో మూటకట్టి, పైన టార్పాలిన్ కప్పుకుని, "ఇవి అక్కడ పెట్టొచ్చి అమ్మని తీసుకెళ్తాను" అని బయల్దేరారు. ఎదురింటి గుమ్మం ఎక్కడం నా కళ్ళతో చూశాను. కాసేపటికి వీధిలో కొబ్బరిచెట్టు అడ్డంగా పడింది. ఆయన రాలేదు. చెట్టు అడ్డం పడిందని తర్వాత చెప్పారు. ఎదురింటావిడ ఆ చెట్టు కిందినుంచే దూరి వెళ్ళి గేదెను విప్పి వచ్చింది.

మధ్యాహ్నానికి పడమటి గది మీద పెంకులు లేచిపోయాయి. వాన సరాసరి మంచం మీదికి దిగింది. అత్తగారికి ఆయాసం ముంచుకొచ్చింది. లేవదీసి రెండడుగులు వేయిస్తే ఊపిరి అందక నా భుజం మీదే వాలిపోయారు. మళ్ళీ మంచం ఎక్కించాను. ఆ టేకు మంచం నా ఒక్కదానివల్ల కదిలేది కాదు.

పొడిగోడ మీద ఇంకా చాలా బొమ్మలున్నాయి. పెద్ద పెద్ద ఫ్రేములు, ముందు అద్దం, వెనక చెక్క. ఒక్కొక్కటీ పీకి తెచ్చి, స్టూలెక్కి, మంచం పందిరి పట్టీల మీద పరిచాను. పెంకు నేసినట్టు ఒకదాని అంచు మీద ఇంకొకటి, వాలు కాళ్ళవైపుకి. నీళ్ళు అద్దాల మీంచి జారి అవతల పడ్డాయి. నేనూ మంచం ఎక్కి ఆవిడ వీపు రాస్తూ కూర్చున్నాను. మా ఇద్దరికీ కనిపించింది వాటి వెనక చెక్క మాత్రమే. ఇన్నాళ్ళకి వాటి మంచి వైపు మా వంతుకి వచ్చిందనుకున్నాను.

గాలి తగ్గాక, ఇంకా వెలుతురుండగానే ఆయన వచ్చారు. గుమ్మంలో నిలబడి మొట్టమొదట పైకి చూశారు. అద్దాల సందుల్లోంచి నీళ్ళు దిగి బొమ్మల్లోని ఆకాశాలన్నీ ఉబ్బిపోయి ఉన్నాయి.

"నీళ్ళు లోపలికి పోయేయే. అద్దం వైపు పైకెందుకు పెట్టేవు?" అన్నారు నాతో.

నేను నోరు విప్పేలోగా అత్తగారు, మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ, "నా మీద చుక్క పడలేదులేరా నాన్నా" అన్నారు. అదెవరూ ఆవిడని అడగలేదు.

అప్పుడు తల దించి తల్లిని చూశారు. సిగ్గుపడ్డారేమో, నాకైతే కనపడలేదు.

పెంకు నేయించిన రోజునే నేను మనుషుల్ని పిలిచి మంచాన్ని పొడిగోడ దగ్గరికి లాగించాను. మిగిలిన నాలుగు విమానాలనూ పడమటి గదిలో తగిలించాను, గాలి బాగా ఆడుతుందని.

తుఫానుకి ముందే బదిలీ మీద వెళ్ళిపోయిన ఆఫీసరుగారు రెండువేల సంవత్సరం దాటాక, రిటైరై ఒకసారి చూడవచ్చారు. మా ఆయన ఆయన్ని అత్తగారి మంచం పక్కనే కుర్చీలో కూర్చోబెట్టి తుఫాను కథ ఎత్తుకున్నారు. ఊళ్ళో అందరికీ చెప్పి చెప్పి అప్పటికి నున్నగా అరగదీసిన కథ.

"ఆ రోజు మా అమ్మని కాపాడింది నా బొమ్మలేనండి. అన్నేళ్ళు కూడబెట్టినవి. పోతే పోయేయి, తల్లి కంటే ఎక్కువా అనుకున్నాను" అన్నారు.

ఆఫీసరుగారు కరిగిపోయారు. అత్తగారి వైపు తిరిగి, "ఇలాంటి కొడుకుండడం మీ అదృష్టమండి పెద్దమ్మగారూ" అన్నారు.

"ఆయ్" అన్నారు అత్తగారు ఎంతో మర్యాదగా, గోడకు చేరబడి. "వాడు ఆ వేళ ఎదురింటి డాబాలో ఉన్నాడండి. నాలుగు విమానాలకి కాపలా కాసేడు."