కిటికీలో అత్తగారు

వాచీలు బాగుచేసే ఆయన ఇంట్లో కిటికీ నిండా బుల్లి బుల్లి ముళ్ళ మొక్కలే. పొద్దున్నే కంటికి భూతద్దం బిగించుకుని, ముళ్ళ మధ్య దుమ్ము కుంచెతో దులుపుతూ మొగ్గల కోసం వెతుకుతాడు. ఒక్కో మొక్కకీ ఒక్కో చుట్టరికం కలిపాడు. బొద్దుగా ఉన్నది మేనమామ, తాకితే చాలు గుచ్చేది అత్తగారు.

ఇన్నాళ్ళకి ఓ ఉదయం అత్తగారు గులాబిరంగులో పూసింది. ఆ సంబరంలో ఉండగా భార్య గ్లాసుతో నీళ్ళు తెస్తుంటే, కుండీకే అనుకుని కేకపెట్టాడు.

"అత్తగారికి నీళ్ళివ్వకే! కుళ్ళిపోతుంది!"

నీళ్ళు, అప్పుడే వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తున్న అసలు అత్తగారికి. ఆయన నాలిక కరుచుకున్నాడు. ఆవిడ తాపీగా నీళ్ళు తాగి, వంగి కుండీ చూసింది.

"ముళ్ళు నావేలెండి, అల్లుడుగారూ. పువ్వు మాత్రం మా అమ్మాయేగా?"