ఊరికే వచ్చిన మెయిల్

మొన్న మా కోడలు నా ఫోన్లో కొత్త మెయిల్ యాప్ ఒకటి పెట్టి, ఇది ఓపెన్ సోర్స్ అత్తయ్యా, డబ్బు కట్టక్కర్లేదు, లోకమంతా వాడుతోంది, భయం లేదు అంటూ ఉంటే, లోకమంతా వాడితే భయం ఎట్లా పోతుందో అర్థం కాక, నాచారంలో ఉద్యోగం చేసిన రోజుల్లోకి వెళ్ళిపోయాను.

మాది గుడివాడ వైపు. పెళ్ళయి ఉప్పల్లో కాపురం పెట్టాక, నాచారంలో పంపులు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో ధరల కొటేషన్లు టైపు చేసి మెయిల్లో పంపే పనిలో చేరాను. అక్కడ కంప్యూటర్లు చూసే ఆయనను అందరం అన్న అనే పిలిచేవాళ్ళం. చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నీ అదే పెట్టుకుంటున్నాయని ఆయన ఓపెన్ సోర్స్ మెయిల్ సాఫ్ట్‌వేర్ తెచ్చి మా సర్వర్లో పెట్టాడు. పైసా ఖర్చు లేదనేసరికి యజమాని సంబరపడ్డాడు గాని, నన్ను మాత్రం లోపల ఏదో పీకుతూనే ఉండేది. అంత కష్టపడి రాసినదాన్ని ఎవరైనా ఊరికే ఎందుకు పంచిపెడతారు?

కొన్ని నెలలకు నా భయం నిజమైనట్టే కనిపించింది. మేం ఏ ధర పంపినా, మల్లాపూర్‌లో కొత్తగా పెట్టిన కంపెనీ ఒకటి దానికంటే కొంచెం తగ్గించి ఆర్డరు తన్నుకుపోయేది. యజమాని ముందు సాఫ్ట్‌వేర్‌ను, ఆ తరవాత దాన్ని తెచ్చిన అన్నను అనుమానించాడు. పుణ్యానికి ఇచ్చినోడు లోపల ఏం పెట్టిండో నీకేం ఎరుక అని నిలదీశాడు. దాని కోడ్ దాచిపెట్టింది కాదు, ఎవరైనా చదువుకోవచ్చని అన్న చెప్పాడు. ఉండబట్టలేక, మీరు చదివారా అని అడిగేశాను.

“లేదు చెల్లె, నేను సదవలే. ఎవరో ఒకరు సదివే ఉంటరని నమ్మిన,” అన్నాడు.

ఆ మాట నన్ను ఊరడించకపోగా ఇంకా భయపెట్టింది. వాడేవాళ్ళందరూ ఇట్లాగే మరొకరు చదివి ఉంటారని అనుకుంటుంటే, అసలు చదివిందెవరు?

సాయంత్రంలోగా తేలకపోతే రేపటినుంచి రావద్దని అన్నతో అనేశాడు యజమాని. అన్న యజమానినీ నన్నూ పక్కన కూర్చోబెట్టుకుని సర్వర్ సెట్టింగులు ఒక్కొక్కటే తెరిచాడు. నేను పంపే ప్రతి మెయిల్ నకలూ మాకెవరికీ తెలియని అడ్రసుకు వెళ్ళేట్టు ఎవరో పెట్టి ఉన్నారు. ఎవరి లాగిన్‌తో పెట్టారో కూడా అక్కడే ఉంది. అది మా ఆఫీసులోనే లెక్కలు చూసే యజమాని బామ్మర్దిది. పిలిపిస్తే అతను బుకాయించలేదు.

“నేనే పెట్టిన బావా. ఆ మల్లాపూర్ కంపెనీల నాకు గూడ వాటా ఉంది,” అన్నాడు.

యజమాని మమ్మల్ని బయటికి వెళ్ళమన్నాడు.

బామ్మర్ది మళ్ళీ ఆఫీసు గడప తొక్కలేదు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదని తేలినా, యజమాని దాన్ని తీయించి, డబ్బు పోసి ఇంకోటి కొన్నాడు. దాని లోపల ఏముందో చూసే వీలు ఎవరికీ లేకపోయినా, బిల్లు చేతికి వచ్చింది కనుక ఆయనకు ధైర్యం. అన్న కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడల్లా మాత్రం యజమాని ఏదో వంకతో వెనక వచ్చి నిలబడేవాడు. ఆ చూపు భరించలేక, ఎవరూ పొమ్మనకుండానే అన్న ఉద్యోగం మానేశాడు.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ షెడ్డు ఉన్నచోట అపార్ట్‌మెంట్లు లేచాయి. ఆ రోజుల్లో అనుమానం వస్తే పక్క గదిలోకి వెళ్ళి అడగడానికి ఒక మనిషి ఉండేవాడు, తెలియనిది తెలియదనేవాడు. ఇప్పుడు ఈ ఫోన్లో యాప్ మీదా అనుమానం అట్లాగే ఉంది గాని, వెళ్ళి అడగడానికి ఆ గది లేదు, ఆ మనిషీ లేడు.