ప్రింటరు ఇంటిపేరు అడగని పెండ్లికొడుకు

నా పెండ్లి ఆగిపోయే దాకా తెచ్చింది ఒక ప్రింటరు. అబద్ధమెందుకు, తెచ్చింది నేనే. ప్రింటరు పాపం ముందే చెప్పింది, నేనే వినలేదు.

తమిళనాడు హరూర్ బస్టాండు పక్కన నాకొక జెరాక్సు అంగడి. మాది ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తెలుగు రాయడం, చదవడం మాత్రం మా వంశంలో ఎవరికీ రాదు. పెండ్లికూతురి తాత హోసూరు పక్క తెలుగు బళ్లో చదివినాయన. ఆయన పెట్టింది ఒకే షరతు: "పత్రిక తెలుగులో ఉండాల. లేకుంటే సంబంధమే వద్దు." పత్రికలో ఉండాల్సిందంతా ఆయనే టైపు చేయించి నా ఫోనుకు పంపినాడు.

ఆ పొద్దే నా ప్రింటరు చెడిపోయింది. స్నేహితుని దగ్గర పాతదొకటి తెచ్చి తగిలిస్తిని. ఏ యంత్రమైనా తగిలించిన వెంటనే కంప్యూటరుకు రెండు నంబర్లు చెప్తుంది: నన్ను చేసినోళ్లు వీళ్లు, నేను ఫలానా మోడలు అని. అంటే ఇంటిపేరు, సొంతపేరు. కంప్యూటరు ఆ రెండూ చూసి, దాని భాష తెలిసిన ప్రోగ్రామును, అదే డ్రైవరును, వెతికి జత చేస్తుంది. మనోళ్లు సంబంధం చూసినట్లే. ఆ పొద్దు వెతికి వెతికి "సరైనది దొరకలేదు" అనింది. నాకు రోషమొచ్చింది. నా ప్రింటరూ నలుపే, ఇదీ నలుపే, ఇంకేం కావాల? నా దాని డ్రైవరునే పట్టి దీనికి బలవంతంగా ముడి పెట్టేస్తిని.

బరబరమని కక్కింది చూడండి, వంకర్లు, కొక్కేలు, తోకలు, నడుమ పేకముక్కల్లోని ఆటీను బొమ్మ ఒకటి. అమ్మ కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది.

"ఇది తమిళమా?"

"కాదమ్మా."

"ఇంగ్లీషా?"

"కాదు."

"అట్లయితే తెలుగేరా. ఎంత లక్షణంగా ఉందో."

నాకూ అట్లనే తోచింది. నాలుగు మూలలా పసుపు పూసి, తీర్థమలై కొండెక్కి స్వామి ముందర పెట్టి, నేరుగా పెండ్లికూతురింటికి పోతిమి.

తాత కండ్లద్దాలు తుడిచినాడు. మళ్లా తుడిచినాడు. "నాయనా, దీన్ని నువ్వే చదివి చెప్పు."

కాగితాన్ని మళ్లా ఆయన వైపే తోస్తిని. "మీరు చదివితేనే బాగుంటుంది తాతా."

"నేను చదువుకొన్నది తెలుగు. ఇదేందో నాకు తెలియలేదు."

జరిగిందంతా ఒప్పుకొంటిని, నలుపు సంగతితో సహా. ఆయన కాగితం మడిచి నా చేతిలో పెట్టినాడు. "ఇంటిపేరు అడక్కుండా రంగు చూసి జత కట్టేవానికి నా మనవరాల్ని ఎట్ల ఇచ్చేది?" అన్నాడు.

అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. అప్పుడు లోపల్నుంచి పెండ్లికూతురి గొంతు వినపడింది: "తెలుగు రాకపోతే నువ్వే నేర్పించు తాతా. ఆ ప్రింటరుకంటే తొందరగానే నేర్చుకొంటాడేమో."

శిక్ష పడింది. ఓనమాలు దిద్ది, నూరు పత్రికలూ నా చేత్తోనే రాయాల. నెల దినాలు దిద్దినాను, వేళ్లు వాచేదాకా రాసినాను, తాత ఒక్కొక్కటీ చదివి తల ఊపినాడు. మా బంధువులందరికీ పంచితిమి.

మరుసటి రోజు నుంచి ఫోన్లు. అందరిదీ ఒకటే మాట: "పత్రిక బ్రహ్మాండంగా ఉంది నాయనా. ముహూర్తం ఎప్పుడు?"

కాబట్టి తీర్థమలై స్వామి సాక్షిగా ప్రమాణం చేస్తా ఉన్నాను: ఇంటిపేరు అడగనిదే ఇక ఏ యంత్రానికీ ముడి పెట్టను. అది తెల్లగా ఉన్నా సరే.