పుస్తకంలో రాయని సీడీ

మంగళవారం పొద్దున్న షాపు షట్టర్ ఎత్తుతుంటే రూతు ఫోన్ చేసింది. "అక్కా, మాస్టారు పోనారు" అంది. ఏటీ అన్నాను. వినబడక కాదు. "నిద్దట్లోనే ఎల్లిపోనారంట. సింహాచలంలో ఆయన కూతురింటి కాడికి నాను బయల్దేరతన్నాను. నువ్వూ వచ్చీ" అని పెట్టేసింది.

నేను వెంటనే ఏడవలేదు. శుభలేఖల ప్రూఫ్ కోసం ఎవరో వస్తే చూసి, రెండు అచ్చుతప్పులు దిద్ది ఇచ్చి పంపాను కూడా. ఆ మనిషి వెళ్ళాక షట్టర్ దించేసి సింహాచలం బస్సెక్కాను. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వమని తెలిసినవాళ్ళు అడిగారు. మంచి మాటలు చాలా ఉన్నాయి. కానీ నేను రాయాల్సింది ముందు నా సంగతి, అది మంచిది కాదు.

మా మాస్టారు బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి కాదు. స్టీల్ ప్లాంటులో మీటర్లూ కంట్రోల్ ప్యానెళ్ళూ బాగుచేసే విభాగంలో పనిచేశారు. కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పేవారు కనుక అక్కడ మాస్టారన్నారు. రిటైరయ్యాక వన్ టౌన్‌లో నేను పనిచేసే డీటీపీ షాపు పైవాటాలో అద్దెకు దిగితే, మేమూ అలాగే పిలిచాం. తూర్పుగోదావరి మనిషి. ముప్పయ్యేళ్ళు విశాఖలో ఉన్నా ఆ మాట మారలేదు. "నాను, నాను అంటావేంటమ్మాయ్, మేకపిల్లలాగా" అని నన్ను ఏడిపించేవారు. "మీరు ఆయ్ ఆయ్ అంటే మేం నవ్వుతన్నామేటి మాస్టారూ?" అనేదాన్ని. "ఆయ్, నవ్వుకోండి, ఎవరొద్దన్నారు" అనేవారు. రెండు వేళ్ళతో టైపు చేసేవారు. కళ్ళజోడు లుంగీ అంచుతో తుడుచుకుని, తుడిచాక ఇంకా మసగ్గా ఉందని మళ్ళీ తిట్టుకునేవారు.

రూతు అప్పుడు బి.ఏ. రెండో ఏడు చదువుతోంది. పుట్టుకతోనే చూపు లేదు. వాళ్ళ హాస్టల్లో టేప్ రికార్డర్ బాగుచెయ్యడానికి వెళ్ళి మాస్టారు ఆమెను చూశారు. ఒళ్ళో చరిత్ర పుస్తకం పెట్టుకుని వరండాలో కూర్చుని ఉందట. చదివి వినిపిస్తానన్న ఆవిడ మూడు రోజులుగా రాలేదట. ఆయన తిరిగొచ్చి మెట్లు కూడా ఎక్కకుండా నా బల్ల దగ్గరే నిలబడిపోయారు. "ఒకళ్ళ తీరిక కోసం కూర్చుంటే చదువెప్పటికవుద్దమ్మాయ్? కంప్యూటర్ చేత చదివించేద్దాం" అన్నారు. చెప్పడం అంత తేలిగ్గా చెప్పారు.

ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని లోకానికి వదిలేసిన ప్రోగ్రాములుంటాయి. వాటి సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాము అసలు రాత, తెచ్చుకుని మన కంప్యూటర్ మీదే తయారుచేసుకోవాలి. దాన్నే బిల్డ్ చెయ్యడం అంటారు. ఇంగ్లీషు పైకి చదివే అలాంటి ప్రోగ్రాముకు మాస్టారు తెలుగు నేర్పారు. అక్షరం వెనక అక్షరం, ఒత్తు వెనక ఒత్తు, ఏడాదిన్నర పట్టింది. రూతు చివరి ఏడు చరిత్ర పుస్తకం మొత్తం టైపు చెయ్యడం నా వంతు.

ప్లాంటు గేటు దగ్గర చీటీ లేకుండా నట్టు కూడా లోపలికి రాదు, బయటికి పోదు. ఆ అలవాటును ఆయన కంప్యూటర్‌కీ పట్టించారు. అట్టవేసిన పొడుగు పుస్తకం ఒకటి పెట్టారు. ఏం వచ్చింది, ఎక్కడ్నించి, ఏ రోజు, ఎవరు తెచ్చారు, అన్నీ అందులో రాయాలి. పైవాటాలో ఉన్న కంప్యూటర్‌లో ఏది ఎక్కిస్తే, హాస్టల్లో రూతు కోసం పెట్టిన పాత కంప్యూటర్‌లోనూ అదే ఎక్కించి టిక్కు కొట్టేవారు. రెండూ కవలపిల్లల్లా ఉంటేనే ఇక్కడ తయారుచేసింది అక్కడ మాట్లాడుతుంది. "లోపలికొచ్చిన ప్రతిదానికీ ఓ గేటు ఉంటది. అదేదో మనకి తెలిసుండాలి" అనేవారు. రాయడం కొన్నాళ్ళకు నాకే అప్పజెప్పారు, నా చేతిరాత బాగుంటుందని.

ఇక నా నిర్వాకం. మాస్టారు ఎవరిదో పెళ్ళికని నాలుగు రోజులు ఊరెళ్ళారు. షాపు ఫాంటులో నేను టైపు చేసిన పేజీలు ఆయన ప్రోగ్రాముకు అర్థం కావు, వాటిని మార్చాలి. మార్చే ప్రోగ్రాము బిల్డ్ చెయ్యబోతే అది ఇంకొకటి కావాలంది. అది ఇంకో రెండు కావాలంది. ఆయనైతే ఒక్కొక్కటీ తెచ్చి, తయారుచేసి, పుస్తకంలో రాయించి, వారం తీసుకుంటారు. నాకంత ఓపికేదీ? షాపుకొచ్చే ఒక కుర్రాయన సీడీ ఇచ్చాడు. ప్యాకేజీ మేనేజర్ అన్నాడు. మా సిస్టమ్‌తో వచ్చింది కాదు, బయటివాళ్ళెవరో చేసింది. ఫలానాది కావాలంటే చాలు, దాని తోకలన్నిటితో సహా తనే తెచ్చి పెట్టేస్తుంది. అరగంటలో పనైపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మాస్టారు రాగానే చెబుదామనే అనుకున్నాను. ఆయన పూతరేకుల పొట్లం నా చేతిలో పెట్టి, మార్చిన పేజీలన్నీ చూసి, "గట్టిదానివేనమ్మాయ్, ఒక్కత్తివీ చేసేశావు!" అన్నారు. ఆ మాట తియ్యగా ఉంది. చెప్పలేదు. పుస్తకంలోనూ రాయలేదు.

ఆ ప్యాకేజీ మేనేజర్ తన సామానంతా విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఎవరు ఏం వెతుక్కున్నా ముందు తన ఫోల్డర్‌లోనే చూడాలని నాకు తెలియకుండా ఒక లైను రాసిపెట్టుకుంది. అది తెచ్చినవాటిలో శబ్దం వినిపించే లైబ్రరీ, అంటే మిగతా ప్రోగ్రాములు వాడుకునే ముక్క, ఒకటుంది. మా దగ్గర ముందునుంచీ ఉన్నదాని పేరే దానికీ. కాకపోతే ఇది కొత్తది, లోపల కొలతలు వేరు. మాస్టారు ఆ తర్వాత చేసిన బిల్డ్ ఈ కొత్తదాని కొలతలతో తయారైంది. పైవాటాలో కొత్తది ఉంది కాబట్టి చక్కగా మాట్లాడింది. హాస్టల్లో ఉన్నది పాతది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

పరీక్షలు నెలన్నర ఉన్నాయనగా హాస్టల్‌కు తీసుకెళ్ళాం. చదివి వినిపించే ఆవిడను ఇక రానక్కర్లేదని రూతు ముందే చెప్పేసింది, మాస్టారి మీద అంత నమ్మకం. తనే మీట నొక్కింది. మొదటి వాక్యం వినబడగానే ముఖం విచ్చుకుంది. రెండో వాక్యం దగ్గర కంప్యూటర్ గొంతు గరగరలాడి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ అంతే. చుట్టూ ఉన్న పిల్లలు కిసుక్కుమన్నారు. "వారంలో బాగుచేసి తెస్తానమ్మా" అన్నారు మాస్టారు.

వారం కాస్తా ఆరు వారాలైంది. ఆయన ముందు పుస్తకం తీశారు. ప్రతి టిక్కు మీదా వేలు పెట్టి చదివారు. రెండు మిషన్లూ ఒక్కటే. "పుస్తకం సరిగ్గానే ఉందమ్మాయ్. అంటే తప్పు నా రాతలో ఉంది" అని, ఏడాదిన్నర కష్టపడి రాసిన కోడ్‌ను విప్పడం మొదలుపెట్టారు. ఒత్తులు పలికే భాగం మొత్తం చెరిపి మళ్ళీ రాశారు. అన్నం పళ్ళెం పక్కన పెట్టుకుని మరిచిపోయేవారు. "నాకు వయసైపోయింది, బుర్ర పనిచెయ్యట్లేదు" అన్నారొకరోజు. ఆ మాట అనిపించింది నేను.

రెండో వారంలో, ఆయన బిల్డ్ చేస్తుంటే వెనక నిలబడ్డాను. తెర మీద లైన్లు పరుగెడుతున్నాయి. వాటి మధ్య ఆ సీడీ తెచ్చిన ఫోల్డర్ పేరు కనిపించింది. తప్పు ఎక్కడుందో నాకర్థమైంది. మాస్టారు ఆ క్షణాన తలవంచుకుని పుస్తకంలోనే చూసుకుంటున్నారు. ముందురోజే హాస్టల్ వార్డెన్‌తో, "ఈ అమ్మాయి రాసిన దాంట్లో తప్పుండదండి" అని నా ముందే చెప్పారు. నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఆయన కూరలకని బజారెళ్ళినప్పుడు ఆ ఫోల్డర్‌ను చెరిపేసి, పీడ వదిలిందనుకున్నాను.

వదల్లేదు సరికదా, అసలుకే మోసం వచ్చింది. అది రాసిపెట్టుకున్న లైను అలాగే ఉంది. లేని ఫోల్డర్‌లో వెతుక్కుంటూ బిల్డ్ మధ్యలోనే ఆగిపోవడం మొదలైంది. నిన్నటిదాకా పైవాటాలోనైనా మాట్లాడేది, ఇప్పుడు అదీ లేదు. మాస్టారు హార్డ్ డిస్క్ పోతోందనుకుని కంప్యూటర్ మోసుకుని రిపేరు షాపుకెళ్ళారు. అక్కడ రెండు వారాలు గడిచిపోయాయి.

పరీక్ష వచ్చేసింది. "సగం పుస్తకమే విన్నానక్కా, మిగతాది ఎవులూ సదివి పెట్టనేదు" అంది రూతు, పరీక్ష రాసి వస్తూ షాపు ముందు ఆగి. నిష్టూరంగా కాదు, మామూలుగానే అంది. చరిత్ర తప్పింది, ఏడాది పోయింది.

ఆమె అలా అన్న మర్నాడే నేను పైకెళ్ళి మాస్టారికి అంతా చెప్పేశాను. "నానే సేసాను మాస్టారూ" అన్నాను. సీడీ ఎందుకు పెట్టావని ఆయన అడగలేదు. "నీకెప్పుడు తెలిసింది?" అన్నారు. నాలుగు వారాలైందన్నాను. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "పెట్టడం పెద్ద తప్పు కాదమ్మాయ్. తెలిశాక ఊరుకున్నావు చూడు..." అని ఆపేశారు. అంతకుమించి ఆ విషయం ఏనాడూ ఎత్తలేదు.

కంప్యూటర్ మొత్తం తుడిచేసి, పుస్తకంలో ఉన్నవి మాత్రమే ఎక్కించి, మళ్ళీ బిల్డ్ చేశారు. మర్నాడు మధ్యాహ్నానికి హాస్టల్లో ఆ ప్రోగ్రాము ఒక అధ్యాయం మొత్తం ఆగకుండా చదివింది. ఒకటిన్నర రోజు. దానికోసం ఆ పిల్ల ఏడాది పోగొట్టుకుంది.

"తప్పు నాదేనమ్మా, నా మిషన్లో జరిగిన పొరపాటు" అని రూతుతో చెప్పారాయన. నేను పక్కనే ఉన్నాను. తిరిగొస్తూ ఆటోలో ఎందుకలా చెప్పారని ఏడిచాను. "నేను పుస్తకాన్నే నమ్మాను, మిషన్నడగలేదు. అది నా తప్పు కాదా? అయినా పుస్తకాలు టైపు చేయించుకోడానికి ఆ పిల్ల నీ దగ్గరికే రావాలి. నీ మీద మనసు విరిగితే ఇంకెక్కడికెళ్ద్ది?" అన్నారు. నాకు సిగ్గేసింది. దానికంటే ముందు హమ్మయ్య అనిపించింది. ఉన్నమాట చెబుతున్నాను.

రూతు మరుసటి ఏడు పాసైంది. ఇప్పుడు ఒక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరు. ఆమె చదివిన పుస్తకాలన్నీ నేను టైపు చేసినవే. అక్కా అని పిలిచినప్పుడల్లా చెప్పేద్దామనుకునేదాన్ని. మాస్టారు వద్దన్నారుగా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

మంగళవారం సాయంత్రం సింహాచలంలో ఆయన్ను తీసుకెళ్ళిపోయాక, మగవాళ్ళెవరూ ఇంకా తిరిగి రాలేదు. రూతు ఆయన గదిలో, ఆయన కుర్చీ పక్కన చాప మీద కూర్చుని ఉంది. వెళ్ళి పక్కన కూర్చుని చెప్పేశాను. సీడీ దగ్గర్నుంచి ఆటోలో మాట దాకా, ఏదీ దాచకుండా.

ఆమె చివరిదాకా వింది. తర్వాత, "రిజల్టొచ్చిన రోజు నాను ఒక్కద్దాన్నీ మేడ మీదకెల్లానక్కా. నువ్వు ఆ రోజు షాపుకి రానేదు" అంది. "మీకిది కాలచ్చేపం మాస్టారూ, నాకు బతుకు. సేతకానోరు ఎందుకు మొదలెట్టారు, అన్నాను. ఆయనేటీ అన్నేదు. టీ తాగెల్లమ్మా అన్నారు. నాను తాగకుండా దిగొచ్చేసాను."

ఈ సంగతి మాస్టారు నాకెప్పుడూ చెప్పలేదు.

"నువ్వప్పుడే సెప్పుంటే ఆ మాట నిన్నందును" అంది రూతు. "నువ్వున్నావు గదా, తిట్టుకుని మళ్ళా కలిసిపోదుం. ఇప్పుడు నానెవులికి సెప్పుకోవాల?"

చెయ్యి పట్టుకోబోయాను. విసురుగా కాదు, మెల్లగానే విడిపించుకుంది. తడుముకుంటూ ఆయన కుర్చీ చేతి మీద వేళ్ళు ఆనించి, అటు ముఖం తిప్పి, "మాస్టారూ" అంది చిన్నగా. జవాబు కోసం ఆగినట్టే ఆగింది.