ఏడుతో వేసి చూడని లెక్క

గోదావరి మీద రైలు వంతెన ఇంకా కట్టని రోజులు. నేను రాజమహేంద్రవరంలో మిషను బడి పంతులుని. ఒక శనివారం కొవ్వూరు నుంచి పడవలో వస్తూ, పక్కనున్న షావుకారుగారికి నా తెలివి చూపాలని పలక మీద 1,42,857 అని వేశాను. రెండు మొదలు ఆరు దాకా దేనితో హెచ్చవేసినా అవే అంకెలు చోట్లు మారి వచ్చాయి.

"ఎంతతో హెచ్చవేసినా ఇంతేనండి," అన్నాను.

మా చర్చికి వచ్చే కూలి మనిషి మరియమ్మ ఎదురుగా కూర్చుని ఉంది. "ఆరుతో ఆపేశారేంటండి? ఏడోది ఆదివారం కదండి," అంది.

"చదువు రానిదానివి, నీకెందుకు?" అని కసిరాను.

షావుకారుగారు నోటితోనే లెక్క కట్టారు. "ఏడుతో అన్నీ తొమ్మిదులేనండి పంతులుగారూ. మీ అంకెల్లో ఒక్కటీ రాలేదు."

నేను పుస్తకంలో ఆరు దాకా చూసి బట్టీపట్టినవాణ్ణి. ఏడుతో ఎన్నడూ వేసి చూడలేదు. పడవలో అందరూ నావైపే చూస్తున్నారు.

"అయ్యగారు ఆఖర్న చెబుదామని దాచుంటారు లెండి," అంది మరియమ్మ.

ఔనని తలూపాను.

మర్నాడు చర్చిలో విశ్రాంతిదినపు ఆజ్ఞ చదివే వంతు నాది. "ఆరు దినములు కష్టపడి" దాకా చదివి, వెనక చాప మీద ఆమెను చూశాను; ఏడో దినాన విశ్రమించమన్న మాట తల దించుకుని చదివాను.

కసిరినందుకు తర్వాత మరియమ్మను మన్నించమన్నాను. పడవలో నేను ఔనని తలూపింది అబద్ధమని మాత్రం ఇన్నేళ్లకు ఇక్కడే ఒప్పుకుంటున్నాను.