బస్తా చెవి పట్టిన చెయ్యి

మొన్న ఎండాకాలం సెలవుల్లో మా కూతురి కూతురు, పదేళ్ల పిల్ల, నడుముకు పసుపుపచ్చ బెల్టు బిగించుకుని నన్ను సూర్యాపేటలోని మా డాబా మీదికి ఈడ్చుకుపోయింది. తన మణికట్టు నా ముందుకు చాపి పట్టుకోమంది. ఎవడైనా దొంగ చెయ్యి పట్టుకుంటే ఎట్లా విడిపించుకోవాలో వాళ్ల కరాటే సారు నేర్పాడట. దొంగ వేషానికి ఇంట్లో నాకంటే తగిన ముఖం ఇంకెవరిదుందని పట్టుకున్నాను. పిల్ల "హూ" అని అరిచి, చెయ్యి అటు తిప్పి, ఇటు తిప్పి, చివరికి మూతి ముడుచుకుని, "తాతా, నువ్వు వదలాలె! మా సారైతే వదిలేస్తడు," అంది.

ఆ మాటకు నాకు ముందు నవ్వొచ్చింది. నవ్వు అయిపోయాక పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఎందుకంటే సరిగ్గా ఆ తప్పే, ఆ సారు చేస్తున్న తప్పే, నలభై ఏళ్ల కింద నేను మా అక్క విషయంలో చేశాను. ఆమె బతుకు దాదాపు దాని మీదనే ఆగిపోయేది.

నేను ఏడో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి. బడే నాకు దండం పెట్టిందని మా అక్క అంటుంది, ఆమె మాట పట్టించుకోకండి. పెద్దయ్యాక సైకిల్ షాపులో పంచర్లు వేస్తూ, ఖాళీ దొరికితే అద్దంలో కండలు చూసుకుంటూ కాలం గడుపుతున్న పంతొమ్మిదేళ్ల వయసులో మా ఊరికి కరాటే వచ్చింది. మీకు గుర్తుండే ఉంటుంది, ఎనభైలలో ఆ పిచ్చి జ్వరంలాగా ఊరూరికీ పాకింది. కటింగ్ షాపులో కుర్చీ ఎక్కిన ప్రతివాడూ మంగలి భుజం మీద అరచేతి అంచుతో ఒకటి వేసి చూసేవాడు. కోదాడ నుంచి ఒక మాస్టారు మంగళవారం, శుక్రవారం బస్సులో వచ్చి, ఖాళీగా ఉన్న ఒక ధాన్యం గోదాములో నేర్పేవారు. సన్నటి మనిషి, మెత్తటి మాట, అండీ గిండీ లేకుండా పిల్లవాణ్ణి కూడా పిలిచేవారు కాదు. తెల్ల డ్రెస్సు కొనే స్తోమత లేక నేను చక్కెర సంచి గుడ్డతో కుట్టించుకున్నాను. వీపు మీద "నికర బరువు వంద కిలోలు" అన్న అక్షరాలు ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. లోపలున్న సరుకు మాత్రం నలభై ఎనిమిది కిలోలే. మూడు నెలలు తిరిగేసరికి మా వంటింటి మీది పెంకులు నాలుగు అరచేత్తో పగలగొట్టాను. వానాకాలం వచ్చాక ఆ నాలుగు పెంకుల కింద నాలుగు గిన్నెలు పెట్టి, మా అమ్మ నా కళ గురించి వాడకట్టందరికీ వినపడేలా వివరించింది.

అక్క నాకంటే రెండేళ్లు పెద్ద. పది పాసై, మిర్యాలగూడలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు పని నేర్చుకునేది. పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో వచ్చేది. మా ఇంట్లో తెల్లబట్టలు వేసుకుని పనికి పోయిన మొదటి మనిషి ఆమె. ఆ బట్టలు మా అమ్మ వాకిట్లో ఆరేస్తే, వాడకట్టు మొత్తం చూడాలని దండెం రోడ్డు వైపుకు జరిపి కట్టేది. అట్లాంటి అక్క ఒకరోజు బస్సు దిగి ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. చేతికి స్టీలు కడియం వేసుకున్న ఒక మనిషి పది రోజులుగా మిర్యాలగూడ బస్టాండులో వెంటపడుతున్నాడట. ఆ రోజు చెయ్యి పట్టుకుని, బస్సు కదిలేదాకా వదల్లేదట.

నాయిన ఏమీ తిట్టలేదు. రేపటి నుంచి పనికి పోవడం బంద్ అని మాత్రం అన్నాడు. మా నాయిన మాట తక్కువ మనిషి, అన్న మాట మార్చుకోవడం ఇంకా తక్కువ. అప్పుడు నేను, పెంకులు పగలగొట్టిన వీరుణ్ణి, మధ్యలో దూరి, నాలుగు రోజుల్లో అక్కకు చెయ్యి విడిపించుకునే కిటుకులన్నీ నేర్పుతానని ప్రకటించాను. నేర్పాను కూడా. నేను పట్టుకోవడం, ఆమె తిప్పడం, నేను వదిలేసి, అంతటితో ఆగక, ఎగిరి రెండు పల్టీలు కొట్టి బాయి గిలక దాకా పోయి పడటం. అక్క నవ్వేది. నాలుగో రోజుకు ఆమెకు ధైర్యం వచ్చింది. ఆ నవ్వు చూసి, ఆ ధైర్యం చూసి నేను మురిసిపోయాను. ఆమె గెలుస్తున్నది కళ మీద కాదని, నా మీదనని మా ఇద్దరికీ తట్టలేదు.

ఐదో రోజు నాయిన మార్కెట్టు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చుని అక్కను పిలిచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మా నాయిన సూర్యాపేట మార్కెట్టులో హమాలీ. బస్తా మూతి కుట్టినప్పుడు రెండు మూలల్లో మిగిలే కొసల్ని చెవులంటారు. హమాలీలు ఆ చెవులు పట్టుకునే బస్తాను లేపుతారు, లారీ మీద ఉన్నవాడికి అందిస్తారు. పట్టు జారిందంటే కింద ఉన్నవాడి మెడ మీద పడుతుంది గనుక, వాళ్ల వేళ్లు ఒకసారి మూసుకుంటే పని అయ్యేదాకా తెరుచుకోవడం మరిచిపోతాయి. అట్లా ఇరవై ఏళ్లు మూసుకున్న చెయ్యి అది. అక్క మొదటి కిటుకు వేసింది, రెండోది వేసింది, మూడోది వేసింది. నాయిన ఇంకో చేత్తో తాపీగా బీడీ ముట్టించుకున్నాడు.

"గిదేంది బిడ్డా, కోడిపిల్ల రెక్కలు కొట్టుకున్నట్టు!" అన్నాడు. "ఇగ లోపలికి పో."

అక్క లోపలికి పోలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా, మణికట్టు ఎర్రగా కందిపోయినా, ఆయన ముందే నిలబడింది. "వారం దినాలు ఆగు నాయినా. మల్ల పట్టు. అప్పుడు గూడ రాకపోతె నేనే బంద్ జేస్త," అంది. నాయిన బీడీ నుసి రాల్చి తలూపాడు.

శుక్రవారం నేను మాస్టారి దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. మా కళకే అవమానం జరిగిందని, ఏదైనా పెద్ద కిటుకు చెప్పమని బతిమాలాను. వేరే మాస్టారైతే నేను సరిగ్గా నేర్చుకోలేదని నా మీదికి తోసేసేవాడేమో. ఆయన మాత్రం క్లాసు అవగానే నాతో మా ఇంటికి నడిచొచ్చి, అరుగు మీద కూర్చుని, తన చెయ్యి మా నాయినకు అందించారు. నాయిన మొహమాటపడుతూనే పట్టుకున్నాడు. మాస్టారు తిప్పారు, మెలిపెట్టారు, ఒక మోకాలి మీద కూర్చున్నారు, లేచారు. చొక్కా తడిసిపోయింది. పక్కింటి వాళ్లు గోడ మీదికెక్కి చూస్తున్నారు. నేను మాత్రం భూమి తెరుచుకుంటే చక్కెర సంచితో సహా లోపలికి పోదామని చూస్తున్నాను.

"నా వల్ల కాదండీ బాబాయి గారూ," అన్నారాయన, ఏ మాత్రం సిగ్గుపడకుండా. "మా క్లాసులో పట్టుకునేవాడు కూడా మావాడే కదండీ. ఎదుటివాడు విడిపించుకోవాలని వాడికీ ఉంటుంది. మరి బస్తా మీద పడబోతే మీరేం చేస్తారండీ?"

మా నాయినను ఎవరైనా ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం ఎదురుచూడటం నేను అప్పుడే మొదటిసారి చూశాను. ఆయన లేచి, ఖాళీ సంచిలో పొట్టు నింపి, వీపు మీద వేసుకుని చూపించాడు. "జారినప్పుడు గుంజుతమా సారూ? గుంజితె నడుము ఇరుగుతది. అది ఎటు వోతదో అటే అడుగెయ్యాలె. అడుగేసి మొత్తం మనిషి తిరగాలె, ఉత్త చెయ్యి కాదు."

ఆ తర్వాత మూడు రోజులు మాస్టారు కోదాడ బస్సు వదిలేసి మా సైకిల్ షాపులో పడుకుని, సాయంకాలాలు మా వాకిట్లో మా నాయిన దగ్గర నేర్చుకున్నారు, అక్కకు నేర్పారు. పట్టుకున్నవాడు మనం వెనక్కి లాగుతామనుకుంటాడు గనుక వాడి మీదికే ఒక అడుగు వెయ్యాలన్నది నాయిన వాటా. పట్టులో నాలుగు వేళ్లు ఒకవైపుంటే బొటనవేలు ఒంటరిగా ఇంకోవైపు ఉంటుంది గనుక, ఒళ్లంతా తిప్పి ఆ సందులోంచి బయటపడాలన్నది మాస్టారి వాటా. ముందు నోరు లెవ్వాలె, చెయ్యి సంగతి తర్వాత అన్నది మా అమ్మ వాటా. ఆ విద్యలో ఆమెకు ఏ బెల్టూ సరిపోదు. వీధి ఈ చివర అక్కను, ఆ చివర తాను నిలబడి అరిపించింది. అంతా ఉత్త కాళ్లతో కాకుండా చెప్పులేసుకుని, చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకుని చేయించారు. బస్టాండులో ఎవడూ చెప్పులు విడిచి పట్టుకోడు కదా అని నాయిన అన్నాడు.

నా వాటా ఏమిటంటారా, నన్ను పట్టుకోనివ్వలేదు. నేను వదిలేస్తానని.

వారం నిండిన రోజు నాయిన మళ్లీ పట్టుకున్నాడు. ఈసారి బీడీ లేదు, రెండు కాళ్లూ నేలకు ఆనించి కూర్చున్నాడు. అక్క గొంతు చించుకుని అరిచి, ఆయన మీదికే అడుగేసి గిర్రున తిరిగింది. చెయ్యి బయటికొచ్చింది. నాయిన తన చెయ్యిని అది ఎవరిదో అన్నట్టు చూసుకుని, "రేపు టిఫిన్‌ల పచ్చిపులుసు పెట్టకు, బస్సుల ఒలుకుతది," అని అమ్మతో అన్నాడు. అదే ఆయన పర్మిషన్.

ఆయన కూడా నాలాగే ప్రేమకొద్దీ వదిలాడేమోనని ఆ పూట నాకు అనుమానం వచ్చింది. తెల్లారి చూస్తే ఆయన బొటనవేలు వాచి వంకాయలాగా ఉంది, అమ్మ సున్నం పసుపు కలిపి పట్టు వేస్తున్నది. రెండు రోజులు మార్కెట్టుకు పోలేదు. బిడ్డ కోసం చెయ్యి వదిలే తండ్రుల గురించి మీరు వినే ఉంటారు. బిడ్డ కోసం వేలు బెణికేదాకా వదలని తండ్రి నాకు దొరికాడు.

మొదటి కొన్నాళ్లు నేను అక్కకు తోడు పోవాలని తీర్మానమైంది. ఊరు పోతున్నానని నాకున్న ఒకే ఒక్క టెరికాటన్ ప్యాంటు, అప్పటి ఫ్యాషన్ ప్రకారం తొడకు అతుక్కుపోయేది, వేసుకుని పోయాను. మూడో రోజు సాయంత్రం మిర్యాలగూడ బస్టాండులో ఆ స్టీలు కడియం మనిషి రానే వచ్చాడు. నేను ముందుకు దూకి, అతని చెవి వరకు లేవాల్సిన తన్ను ఒకటి లేపాను. గోదాములో వదులు పైజామాతో సాధన చేసిన తన్ను అది. అతని మోకాలు దాకా పోయిందో లేదో, ప్యాంటు జిప్పు కింద నుంచి వెనకాల బెల్టు దాకా చర్రున చినిగింది. అక్కను కాపాడడానికి పోయిన తమ్ముడు రెండు చేతులూ వెనక పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతను నవ్వి, నన్ను దాటి పోయి అక్క చెయ్యి పట్టుకున్నాడు.

అక్క అరిచిన అరుపుకు నాకు మా అమ్మే బస్సు దిగిందేమో అనిపించింది. "ఓ కండక్టరన్నా! అమ్మా! ఈడు నా చెయ్యి పట్టిండు!" అంటూనే, అతను వెనక్కి లాగడానికి కాచుకుని ఉంటే, ఆమె అతని మీదికే అడుగేసి తిరిగింది. నాయిన పట్టు విడిపించుకున్న చేతికి అది ఒక పట్టేనా! ఉత్త వేళ్లతో అతను నిలబడిపోయాడు. ఈలోగా జామకాయలమ్మే అవ్వ తక్కెడ ఎత్తుకుని లేచింది, బస్సులోంచి ఆడవాళ్లు దిగారు, కండక్టరు దిగాడు. మిగతాది వాళ్లు చూసుకున్నారు. ఆ మనిషి మళ్లీ ఆ బస్టాండులో కనపడలేదు. అక్క నన్ను తన వెనక దాచుకుంటూ బస్సెక్కించి, తన చున్నీ నా నడుముకు కట్టి, సూర్యాపేట దాకా నవ్వుతూనే ఉంది, మధ్య మధ్యలో తన మణికట్టు తడుముకుంటూ.

ఆ తర్వాత ఆమె పని ఆగలేదు. సర్కారు నర్సయి, ఊళ్లు తిరిగి, ఎంతమంది పురుళ్లు పోసిందో లెక్క లేదు. రిటైరై ఇప్పుడు నిడమనూరులో ఉంటున్నది. మాస్టారు తొంభైలలో కోదాడలోనే చిన్న హాలు కట్టుకున్నారు. కొత్తగా చేరిన పిల్లలను ముందు అక్కడి హమాలీల దగ్గరికి తీసుకుపోయి చెయ్యి పట్టించేవారని విన్నాను. తనకు రాదని నలుగురి ముందు ఒప్పుకున్న ఆ గురువుకు నేను ఇప్పటికీ మనసులోనే దండం పెడతాను.

ఇప్పుడు నాయిన లేడు, మాస్టారూ లేరు. బస్తాలు చిన్నవైపోయాయి, సగం పని మెషీన్లు చేస్తున్నాయి, అట్లాంటి చేతులు మార్కెట్టులో వెతికినా దొరకవు. పిల్లలకు బెల్టులున్నాయి, సర్టిఫికెట్లున్నాయి, ఫోటోలున్నాయి. పట్టుకునేవాళ్లందరూ మంచివాళ్లే, పిల్ల ముఖం చిన్నబోతుందని తొందరగా వదిలేస్తారు. ప్రేమంటే అదేననుకుంటారు. నేనూ అట్లనే అనుకున్నవాణ్ణే గనుక వాళ్లను ఏమీ అనలేను.

డాబా మీద వారం రోజులు మనవరాలి చెయ్యి వదలకుండా పట్టుకున్నాను. ఆమె ఏడ్చింది, అలిగింది, మా కూతురు నాతో ఒక పూట మాట్లాడలేదు. ఎనిమిదో రోజు పిల్ల నా మీదికే అడుగేసి తిరిగింది, చెయ్యి బయటికి వచ్చేసింది. సంబరంగా అక్కకు ఫోన్ చేసి చెబితే, ఆమె, "నువ్వు చిన్నప్పటి సంది వదిలేటోనివే గదరా. పిల్లను నా దగ్గరికి తోల్కరా, నేను పట్టుకుంట," అంది.

ఫోన్ పెట్టేసి నా బొటనవేలు చూసుకున్నాను. వాపు లేదు. పిల్ల నేర్చుకుందో, నా పట్టే ముసలిదైపోయిందో నాకే తెలియలేదు. ఆదివారం నిడమనూరు బస్సెక్కుతాం. నాయిన పట్టు ఎంత ఉండేదో తెలిసిన చెయ్యి లోకంలో ఇంకా అక్కదొక్కటే మిగిలి ఉంది.